సంపూర్ణమ్మ పేజీ తిప్పలేదు

2023 ఫిబ్రవరి. సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో, మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్లు చదువుకునే సాయంత్రపు బడి మీద డాక్యుమెంటరీ తీస్తున్నాను. కెమెరా నేనే, సౌండ్ నేనే, నల్లపాడు నుంచి బండి తోలుకొచ్చేదీ నేనే. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ముఖం చూసి మనిషిని చదివేస్తానని కాస్త పొగరు కూడా ఉండేది.

చర్చి హాల్లో క్లాసు. అందరిలోకీ పెద్దది సంపూర్ణమ్మ. అరవై దాటాయి, భర్త పోయాడు, పిల్లల్లేరు. మిరపఘాటుకు మండే చేతులతోనే చేలోంచి నేరుగా వచ్చేది. ఆ రోజు కెమెరా ముందు వాచకం తెరిచి, బస్సు ప్రయాణం పాఠం గడగడా చదివేసింది. టీచర్ విజయ మురిసిపోయింది. నా సినిమాకు ముగింపు దొరికిందని నేనూ మురిసిపోయాను.

గదికొచ్చి ఫుటేజ్, అంటే తీసిన వీడియో అంతా, చూసుకుంటుంటే క్లోజప్‌లో ఒకటి కనబడింది. పేజీ చివర వాక్యం సగంలో తెగి ఉంది. ఆమె పేజీ తిప్పలేదు. చదవడం మాత్రం ఆగలేదు.

మర్నాడు చేలో ఆమెను పక్కకు పిలిచాను.

"పెద్దమ్మా, నీకు చదవడం వచ్చా?"

ఆమె బుకాయించలేదు. "రాదమ్మా. మూడేళ్లుగా వినీ వినీ నోటికొచ్చింది. అక్షరం మాత్రం నిలవట్లా."

"టీచర్‌తో చెప్పొచ్చుగా?"

"చెబితే పేరు కొట్టేసిద్ది. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. ఇక్కడ రోజూ హాజరప్పుడు పేరు పెట్టి పిలిచిద్ది. నువ్వు చెప్పబాకమ్మా."

చెప్పనని మాటిచ్చాను. షూటింగ్ లేని రోజుల్లో నా ఫోన్ కూడా మోగదు. ఆ షాట్ సినిమాలోంచి తీసేసి, మంచిపని చేశాననుకున్నాను.

ఏప్రిల్‌లో సర్టిఫికెట్లిచ్చే రోజున మళ్లీ వెళ్లాను. టీచర్ లేచి చెప్పింది: "చదవడం వచ్చినవాళ్లకి ఇవాళ్టితో అయిపోయిందమ్మా. రానివాళ్లు నలుగురినీ కొత్త బ్యాచ్‌లో రాసుకున్నా. మీరు రేపు మామూలుగానే రండి."

ఆ నలుగురిలో సంపూర్ణమ్మ లేదు. కెమెరా ముందు అంత బాగా చదివింది కదా, మొదటి సర్టిఫికెట్ ఆమెకే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఏడుస్తుంటే సంతోషం పట్టలేక అనుకున్నారు.

కెమెరా ఆపేసి దగ్గరకెళ్లాను. "ఇప్పుడైనా టీచర్‌తో చెప్పనా?"

"ఇంతమంది చప్పట్లు కొట్టాక ఇంకేం చెబుతావులే."

మాటిచ్చేముందు టీచర్‌ను ఒక్కటి అడగాల్సింది, చదువు రానివాళ్లను ఏం చేస్తారని. ఎవరి పేరూ ఎత్తకుండానే అడగొచ్చు. నాకు తోచనే లేదు. ఆమె భయాన్ని నిజమని నమ్మేశాను, నేను నోరు మూసుకోవడమే దయ అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా గుట్టు దాచమంటే, వాళ్లు దేనికి భయపడుతున్నారో అది నిజమో కాదో ముందు కనుక్కుంటాను. ఈ జ్ఞానం సంపూర్ణమ్మకు అక్కరకు రాలేదు.

మర్నాడు సాయంత్రం కూడా నేను హాల్లోనే ఉన్నాను. టీచర్ నాలుగు పేర్లు పిలిచి, హాజరు పుస్తకం మూసేసింది.