చెంబులో మూడో చీటీ

పరిశుద్ధ గ్రంథంలో అందరూ తిప్పేసే పేజీలు కొన్ని ఉంటాయి. కనాను దేశాన్ని ఇశ్రాయేలు గోత్రాలకు పంచిపెట్టిన అధ్యాయాలు అలాంటివే. సరిహద్దు ఒక కొండ దిగుతుంది, వాగు దాటుతుంది, ఎవరిదో బావి దగ్గర మలుపు తిరిగి సముద్రంలో కలుస్తుంది. తర్వాతి గోత్రం వంతు వస్తుంది. మళ్ళీ కొండ, మళ్ళీ వాగు. పట్నాల్లో చదువుకున్న విశ్వాసులకు ఇక్కడ ఆవలింతలు వస్తాయట. మా చోడవరం సంఘంలో సంగతి వేరు. ప్రేమ గురించి, క్షమాపణ గురించి ప్రసంగం సాగుతున్నంతసేపూ మా పెద్దలు హాయిగా కునుకు తీస్తారు. సరిహద్దుల మాట రాగానే నిటారుగా లేచి కూర్చుంటారు. ఏం చేస్తారు, చెరకు రైతులు. గట్టు అనే మాట చెవిన పడితే సమాధిలోంచి కూడా లేస్తారు.

ఆ అధ్యాయాలను ఆదివారం బడి పిల్లలకు చెప్పే భాగ్యం నాకు దక్కింది. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని వెతికి మరీ బోధన అప్పగించడం మా సంఘం గొప్పతనం. నేను ఒప్పుకోలేదు. కాదనడానికి కూడా నోరు విప్పాలి కాబట్టి కాదనలేదు, అంతే. చార్టు మీద యొర్దాను నది గీసి, ఇటు రెండున్నర గోత్రాలు, అటు తొమ్మిదిన్నర గోత్రాలు అని రంగులు వేసుకుని వెళ్ళాను. చీట్లు వేసి, ఎవరి చీటీకి ఏది వస్తే అది తీసుకున్నారని చెప్పాను.

"అక్కా, అందరికీ బోరు పడిందా?" అని ఒక పిల్ల అడిగింది.

"మరి అంతకు ముందు అక్కడున్నోల్లు ఏటైపోయేరక్కా?" అని ఇంకొకతె అడిగింది.

మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి జవాబు ఉంది గానీ పిల్లలకు చెప్పేది కాదు. పాట పాడుకుందాం అన్నాను. పెద్ద పెద్ద బోధకులు కూడా అదే చేస్తారని గమనించాను.

ఆ వారమే మా ఇంట్లో కూడా పంపకాలు వచ్చాయి. రోలుగుంట వెళ్ళే దారిలో మా తాతకు కొంత భూమి ఉంది. తాత పంచకుండానే పోయాడు. కొడుకులు ముగ్గురు: పెద్దనాన్న, మా నాన్న, చిన్నాన్న. నాన్న తాతకంటే ముందే పోయాడు. నాన్నకు కొడుకులు లేరు. నేను, చెల్లి, మా వెనక అమ్మ. అందువల్ల పెద్దనాన్న లెక్క ప్రకారం మూడులోంచి ఒకటి తీసేస్తే రెండు. లెక్కల్లో ఆయన తప్పు చేయడు.

నాన్న పోయినప్పటి నుంచి ఆ భూమిలో మధ్య ముక్కను సాగు చేస్తున్నది అమ్మే. మొదట నాటిన చెరకు, అంటే మొక్క తోట, నరికించింది, ఇప్పుడు ఆ దుబ్బుల నుంచి లేచిన కార్శి తోట ఉంది. తెల్లారకముందే మొదటి షేర్ ఆటో ఎక్కి వెళ్ళేది, నీళ్ళు మళ్ళించేది, మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చేది. చిన్నాన్న, పెద్దనాన్న అప్పుడేమీ అనలేదు. ఆడమనిషి బురదలో దిగడానికి గోత్రం అడ్డు రాదు. బురద పేరు పొలం అని మారినప్పుడే గోత్రం గుర్తొస్తుంది.

చట్టం మా పక్షానే ఉందని నేను చదివాను. కానీ చట్టం కోర్టు వరండాలో కూర్చుని ఉంటుంది, మా ఇంటి దాకా రావడానికి దానికి తీరిక లేదు. పెద్దనాన్నకు బోలెడు తీరిక. రోజూ సాయంత్రం వచ్చి టీ తాగి, "ఏటమ్మా, ఇంకా ఏటాలోసిస్తన్నావు?" అని అడిగి పోయేవాడు. అమ్మ ఒకే ఒక్క మాట చెప్పేది. "చెంబులో మూడు చీట్లు పడాల బావగారూ. నాకేది వచ్చినా సరే, చీటీ పడాల."

చివరికి ఒక శనివారం పెద్దనాన్న ఇంట్లో కూర్చున్నారు. మధ్యవర్తిగా పాస్టరుగారు వచ్చారు. ఏ తగవు వచ్చినా రెండు వైపులా సమానంగా తల ఊపి, ప్రార్థన చేసి, భోజనం చేసి వెళ్ళే మనిషి. ఇంతవరకు ఎవరికీ అన్యాయం చేయలేదు. న్యాయం చేసినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. చిన్నాన్న ఫోనులో ఏదో యాప్ పెట్టుకుని పొలం చుట్టూ నడిచి కొలిచి వచ్చాడు. రోడ్డు వార ముక్క, మధ్యలో బోరున్న ముక్క, వెనక కొండ వార ముక్క. పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న, గుమ్మంలో బండి మీదే కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నాకు స్కూటీ నేర్పింది ఆ అన్నే. పెద్దమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడింది. మాట్లాడే హక్కు లేని చోట నిలబడడానికి ఆ ఇంట్లో అంతకన్నా మంచి చోటు లేదు.

ముక్కలు మూడైనప్పుడు చీట్లు రెండెలా వేస్తారని నాకు అనుమానం వచ్చింది. రోడ్డు వార ముక్కను తాత పెద్ద కొడుక్కి నోటిమాటగా ఎప్పుడో ఇచ్చేశాడట. ఆ మాట విన్నది పెద్దనాన్న ఒక్కడే. మిగిలిన రెంటికీ అన్నదమ్ములిద్దరూ చీట్లు వేసుకుంటారట.

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "సూడమ్మా, మనం అన్యాయం సేసే మనుసులం కాదు. వాక్యంలోనే ఉంది. పన్నెండు గోత్రాలకి భూమి పంచేరు, లేవీ గోత్రానికి పంచనేదు. ఎందుకు పంచనేదు? ఆల్లకి దేవుడే సొత్తు. ఆడకూతుర్లు కూడా అంతే. నీకూ నీ పిల్లలకీ దేవుడే భాగం."

ఎంత ఉదారమైన మనిషి. భూమి తను ఉంచుకుని దేవుణ్ణి పూర్తిగా మాకే వదిలేశాడు. లేవీయులకు ఉండడానికి పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకు భూములు ఇచ్చారన్న సంగతిని మాత్రం, చేపలో ముల్లు తీసి పక్కన పెట్టినట్టు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు.

"పాస్టరుగారూ, ఆ లేవీయుల ముక్క ఒకసారి సదివించండి. మనసుకి నెమ్మదిగా ఉంటాది," అన్నాడు.

పాస్టరుగారి కళ్ళజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆయన నా వైపు చూశారు. "అమ్మాయి చదువుతుంది లెండి. ఆదివారం బడి చెబుతోంది కదా."

నాకు మాట్లాడడం రాదు. చదవడం వచ్చు. ఈ రెండూ వేరని చాలామందికి తెలియదు. అచ్చులో ఉన్న మాటను పైకి చదువుతున్నప్పుడు ఎవరూ నన్ను చూడరు, పుస్తకాన్నే చూస్తారు. నేను పుస్తకం తెరిచాను. పేజీలు ఒకటొకటిగా తిరిగాయి. అవి లేవీయుల దగ్గర ఆగలేదు.

తండ్రికి కొడుకులు లేని ఐదుగురు అక్కచెల్లెళ్ళ కథ చదివాను. వాళ్ళు గుడారం గుమ్మంలో, నాయకుడి ముందు, యాజకుడి ముందు, జనమంతటి ముందు నిలబడ్డారు. కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ భాగం ఇవ్వండి అని అడిగారు. నాయకుడు దేవుణ్ణి అడిగాడు. ఆ అమ్మాయిలు చెప్పింది నిజమేనని దేవుడు అన్నాడు. తండ్రి భాగం వాళ్ళకే ఇవ్వమన్నాడు.

 చెల్లి నా వెనక చేరి జడ పట్టుకుని లాగింది, ఆపకు అన్నట్టు.

"నాను సదవమన్నది ఇది కాదు గుంటా," అన్నాడు పెద్దనాన్న.

"కొంచెం ముందుకెళ్ళిందండి పుస్తకం," అన్నాను. నాకే వినబడలేదు.

పాస్టరుగారు రెండు వైపులా తల ఊపారు. "ఇదీ వాక్యమే. అదీ వాక్యమే."

అప్పుడు చిన్నాన్న తొడ చరిచాడు. ఆయన ఏడాదికి రెండుసార్లు గుడికి వస్తాడు, క్రిస్మసుకు ఒకసారి, ఇంకెవరిదైనా పెళ్ళికి ఒకసారి. ఆ రెండుసార్లలో ఎప్పుడో ఏదో విన్నాడు.

"ఆగండాగండి. అక్కడితో అయిపోనేదు. ఎనకాల షరతుంది కదండీ! భూమి పుచ్చుకున్న ఆడపిల్లలు సొంత గోత్రంలోనే పెళ్ళాడాల. బయటోడిని సేసుకుంటే భూమి బయటికి పోతాది కదా. అవునా కాదా పాస్టరుగారూ?"

"ఉంది, ఉంది," అన్నారు పాస్టరుగారు. ఎవరు ఏమన్నా ఆయనకు ఉంటుంది.

పెద్దనాన్న ముఖం వెలిగింది. "అదీ మాటంటే! ఇంటాన్నావా అమ్మా? రేపొద్దున ఈ పిల్లల్ని ఏ చీడికాడో, ఏ అనకాపల్లో ఇచ్చుకుంటావు. అల్లుడు బండేసుకొచ్చి మా నాన్న పొలంలో నిలబడతాడు. మరి షరతుకి ఒప్పుకుంటావా? ఒప్పుకుంటే మూడో చీటీ నానే రాస్తాను." నా వైపు తిరిగాడు. "సదువమ్మీ, ఆ షరతు సదువు. అందరికీ ఇనబడేలాగ. మాట మిగల్చకుండా మొత్తం సదువు."

ఆయన ఆ అధ్యాయం ఎప్పుడూ చివరిదాకా వినలేదని నాకు అప్పుడే అర్థమైంది. పెద్దవాళ్ళ మాట కాదనే అలవాటు నాకు లేదు. మొత్తం చదివాను. భూమి ఒక గోత్రం నుంచి ఇంకో గోత్రానికి పోకూడదని, అందుకని ఆ అక్కచెల్లెళ్ళు తండ్రి వంశంలోనే పెళ్ళి చేసుకోవాలని. పెద్దనాన్న ఒక్కో మాటకీ అరచేత్తో మోకాలు తట్టుకుంటున్నాడు. వాళ్ళు చెప్పినట్టే చేశారని చదివాను. ఆఖరి మాట కూడా చదివాను. ఐదుగురూ తమ తండ్రి అన్నదమ్ముల కొడుకుల్నే పెళ్ళాడారు.

మోకాలి మీద చెయ్యి ఆగిపోయింది.

మా వైపు మేనమామ కొడుకునో మేనత్త కొడుకునో చేసుకుంటే ఊరంతా వచ్చి అక్షింతలు వేస్తుంది. పెద్దనాన్న కొడుకును, చిన్నాన్న కొడుకును చేసుకోవడం మాట అటుంచి, ఆ మాట అన్న నోరు కడుక్కోవాలి. వాడు అన్న. అన్నే. కనానులో ఏమైనా అవనీ.

గుమ్మంలో బండి స్టాండు దభీమని పడింది. "చీ! ఏటి నాన్నా ఇది?" మా అన్న ఫోను జేబులో పెట్టి లోపలికి వచ్చేశాడు. "ఏటి సదివిస్తన్నావు? అది నా చెల్లి!"

"ఓలమ్మ ఓలమ్మ," అంది తలుపు దగ్గర పెద్దమ్మ, చెంపలు వేసుకుంటూ. "ముసిలోడివయ్యేవు, నోట్లోంచి ఇయ్యేటి మాటలు? ఆడపిల్లలు ఇంటన్నారు."

"నానన్నానా? పుస్తకంలో ఉంది!" పెద్దనాన్న పాస్టరుగారి వైపు తిరిగాడు. "అదేటండి బాబూ, నిజంగా అలాగే ఉందా? ఈ గుంటేటైనా కల్పించిందా?"

పాస్టరుగారు చాలాసేపు దగ్గారు. "అదీ... అప్పటి ఆచారాలు వేరండి. మనకు వర్తించవు."

అంతసేపూ నేల చూస్తూ కూర్చున్న అమ్మ అప్పుడు తలెత్తింది.

"అప్పటి ఆచారాలు మనకి వర్తించవంటే, లేవీయుల మాట కూడా అప్పటిదే కదండి పాస్టరుగారూ?"

 పాస్టరుగారి తల ఈసారి ఒక వైపే ఊగింది. అలవాటు లేక మెడ పట్టేసి ఉంటుంది.

"అల్లుడొస్తే రానీ బావగారూ," అంది అమ్మ. "మీ ఇంటికి కోడలు రాదేటి? పరాయి పిల్లే కదా ఆ పిల్లా."

"రాసెయ్ నాన్నా," అన్నాడు అన్న. "తొందరగా రాసెయ్. ఇంకో ముక్క సదివించకు. నీకు దండం."

పెద్దనాన్న మూడో చీటీ రాశాడు. రోడ్డు వార ముక్క తాత ఇచ్చేశాడన్న నోటిమాటను కూడా, పెద్దమ్మ చూపు చూసి, మింగేశాడు. మూడు ముక్కలకూ మూడు చీట్లు, స్టీలు చెంబులో. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ దాకా తీయడం మా ఊరి పద్ధతి. చిన్నాన్న తీశాడు, మధ్య ముక్క. అమ్మ తీసింది, కొండ వార. మిగిలింది పెద్దనాన్నకు, రోడ్డు వార.

"దేవుడి చిత్తం," అన్నాడు పెద్దనాన్న, కళ్ళు మూసుకుని. రోడ్డు పక్కన భూమి వచ్చిన వాళ్ళకు దేవుడి చిత్తం ఎంత స్పష్టంగా కనబడుతుందో.

అమ్మ పెంచిన తోట చిన్నాన్న ముక్కలోకి పోయింది. నరికేదాకా పంట అమ్మదేనని, ఆ తర్వాత దుబ్బులు చిన్నాన్నవని తీర్మానించారు. అమ్మ కళ్ళు తుడుచుకోలేదు, అవి తడిసినా. చెంబులో తన చీటీ పడాలన్నది, పడింది. ఏది వచ్చినా సరే అన్నది, వచ్చింది. దాను గోత్రానికి వచ్చిన భూమి చేతికి చిక్కక వాళ్ళు ఉత్తరాన ఇంకెక్కడికో వెతుక్కుంటూ పోయారని అమ్మకు చెబుదామనుకున్నాను. కొన్ని సంగతులు పుస్తకంలోనే ఉంటే మంచిది.

మర్నాడు ఆరాధన అయ్యాక అమ్మ, నేను, చెల్లి కొండ వారకు వెళ్ళాం. దానికి దారి లేదు. పెద్దనాన్న గట్టు ఎక్కి, చిన్నాన్న గట్టు దిగి వెళ్ళాలి. పెద్దనాన్న అప్పటికే అక్కడ ఉన్నాడు, తన రోడ్డు వారను కళ్ళారా చూసుకుంటూ.

"ఆ గట్టు మెత్తగా ఉందమ్మా, ఎక్కువ తిరక్కండి," అన్నాడు.

"ఎగరడం రాదు బావగారూ," అంది అమ్మ, గట్టు ఎక్కుతూ.

మా ముక్క నిండా గులకరాళ్ళు, తుప్పలు. అమ్మ ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచింది. ఒంగి మట్టి తీసి చూసింది, వేళ్ళ మధ్య నలిపింది. ఇన్నాళ్ళూ పొలం నుంచి వచ్చాక ఆమె నాతో చెప్పేది ఎవరి బోరు ఎండిందో, ఏ ట్రాక్టరు రాలేదో. ఇప్పుడు నా వైపు తిరిగి అడిగింది.

"నీళ్ళెలాగూ ఎక్కవు. ఈ ఏడుకి ఉలవలు జల్లుదామా? నువ్వేటంటావు? నీది కూడా కదా."

ఉలవచారు తినడం తప్ప ఉలవల గురించి నాకేమీ తెలియదు. చెల్లి నవ్వు ఆపుకుంటోంది. నేను కొంచెంసేపు కొండ వైపు చూసి, బాగా ఆలోచించిన దానిలా, "ఉలవలే," అన్నాను. పైకే అన్నాను. రోడ్డు వార నుంచి పెద్దనాన్న తలతిప్పి చూశాడు.