దుప్పటి కప్పిన కంప్యూటర్

ఆ వీధిలో ఆమెను అందరూ గౌన్ల టైలరమ్మ అనేవారు. మెడలో టేపు తియ్యకుండానే అన్నం తినే మనిషి. మిగిలిన గుడ్డ ఏమైందని ఎవరైనా అడిగితే వినపడనట్టు ఊరుకునేది. అది అప్పటికే సొంత కూతురికి గౌనయిపోయి ఉండేది. ఆ పిల్ల తొమ్మిదో ఏట ఆస్పత్రి మంచం మీదే పోయింది. ఫోటోలన్నీ ఇంట్లో కంప్యూటర్లో మిగిలాయి. రోజూ మధ్యాహ్నం మిషన్ ఆపి ఓ పావుగంట వాటిని చూసుకునేది. ఆమెకు బతుకంటే ఆ పావుగంటే.

ఒకరోజు కొత్త డిజైన్ల కోసం వెతుకుతుంటే ఏదో మాయదారి పేజీ తెరుచుకుంది. తెరంతా ఎరుపు, చెవులు చిల్లులు పడేలా సైరన్. కంప్యూటర్లో వైరస్ ఉంది, వెంటనే మా యాంటీవైరస్ కొనండి, ఈలోగా ఆపితే ఫోటోలన్నీ చెరిగిపోతాయి అని రాసి ఉంది. చదవడమైతే చదివింది గానీ, దారం చిక్కుపడితే ముందు ప్లగ్గు పీకడం ముప్పై ఏళ్లుగా అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? పీకేసింది. తెర నల్లబడ్డాక గానీ తానేం చేసిందో తెలియలేదు.

చేతులారా బిడ్డను రెండోసారి పోగొట్టుకున్నాననుకుంది. తోడుంటున్న సొంత అక్కకు కూడా నిజం చెప్పలేదు. బాగుచేయించమంటే మాట దాటేసేది. మెకానిక్ వచ్చి ఏమీ మిగల్లేదంటే? పోయాయని అనేవాళ్లు లేనంతకాలం అవి ఉన్నట్టే కదా! దుప్పటి కప్పి మూడేళ్లు దాని వంక చూడలేదు. ఆ మూడేళ్లలో నీటికాసుల జబ్బు ఆమె కళ్లను తినేసింది. ముందు సూదిలోకి దారం ఎక్కడం మానేసింది, తర్వాత మిషన్ ఆగింది, ఆఖరికి కిటికీలో వెలుతురూ పోయింది.

చివరికి అక్కే మెకానిక్‌ను పిలిపించింది. అతను అయిదు నిమిషాల్లో ఆన్ చేసి, ఏ వైరసూ లేదన్నాడు. అది జనాన్ని భయపెట్టి డబ్బు లాగే దొంగ సైటట, పేజీ మూసేస్తే సరిపోయేదట. ఫోటో ఒక్కటీ పోలేదట. అక్క ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. చూపు మిగిలిన రోజులన్నీ దుప్పటి కిందే పోయాయి. ఆ పేజీ తయారుచేసినవాడి చేతులు పడిపోను!

టైలరమ్మ తడుముకుంటూ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఏ గౌను వేసుకుందో చెప్పు నాయనా. మొహం నాకు గుర్తుందిలే."

"పసుపుదమ్మా. చేతులకి కుచ్చులున్నాయి."

ఆమె వేళ్లు ఒళ్లో కదిలాయి. ఆ కుచ్చులు రెండుసార్లు విప్పి కుట్టానంది. అతను ఒక్కో గౌనూ చెబుతుంటే, ఆ గుడ్డ ఎవరి కొలతలో మిగిలిందో ఆమె చెబుతూ పోయింది. ఒకచోట నవ్వింది కూడా.

"ఇది లేత నీలంది. బాగా వదులుగా ఉంది. జేబు మీద ఏదో నంబరు అచ్చువేసి ఉంది. మంచం మీద కూర్చుని నవ్వుతోందమ్మా."

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"అది నేను కుట్టింది కాదు" అంది. "వెనక్కి వెళ్లు నాయనా. పసుపుది ఇంకోసారి చెప్పు."