మోతికి పెట్టిన కిస్మిస్‌లు

నేతిలో కిస్మిస్‌లు ఉబ్బే వాసనకు అందరికీ నోరూరుతుంది. నేను మాత్రం లేచి కిటికీ తెరుస్తాను. ఈ మధ్యాహ్నం కామారెడ్డిలోని మా వంటింట్లో మా ఆయన సేమ్యా పాయసం చేస్తుంటే అదే వాసన వచ్చింది. ఎల్లారెడ్డిలో నేనూ తమ్ముడూ పెరిగిన గల్లీ, అక్కడి ఒక రంజాన్ పండుగ గుర్తుకొచ్చాయి.

అమ్మ గోడ నీడకు కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, మధ్యమధ్య నా తుమ్ములు, పొయ్యి దగ్గర అవ్వ రొట్టెలు తట్టే చప్పుడు. తొలి రొట్టె ముక్క మా కుక్క మోతిదే. బెల్లం, బూందీ, బతుకమ్మ సత్తుపిండి, మేం ఏది తింటే అదీ అదే తినేది. కుక్కలకు తీపి పడదని మాకెవరూ చెప్పలేదు.

రంజాన్ నాడు మేం ఖాలా అని పిలిచే పక్కింటావిడ స్టీలు డబ్బా నిండా షీర్ ఖుర్మా, వాళ్ళ పండుగ సేమ్యా పాయసం, పంపింది. పాలల్లో నాని జారిపోయే కిస్మిస్‌లంటే నాకు అసహ్యం. నావీ తమ్ముడివీ ఏరి, గుప్పెడు మోతికి పెట్టాను. తోకాడిస్తూ నా వేళ్ళు కూడా నాకింది.

తెల్లారేసరికి మోతి వాంతులు చేసుకుంటోంది. నోటి వెంట నురగ, కాళ్ళు తడబడుతున్నాయి. "పిచ్చి లేసింది" అని ఎవరో అన్నారు. అంతే, గల్లీ మగవాళ్ళంతా కట్టెలు పట్టుకొచ్చారు. పిల్లల్ని ఇండ్లలోకి తోసి తలుపులు వేశారు. చెబితే బాపు కొడతాడు, చెప్పకపోతే మోతిని చంపుతారు. కిటికీ ఊచలు పట్టుకుని వణికిపోతున్నాను.

"ఏందే, గట్ల వణుకుతున్నవ్? చెప్పు బిడ్డా, కొట్ట," అంది అవ్వ, కొట్టనన్నట్టు తల నిమురుతూ.

ఏడుస్తూ చెప్పాను. బాపు నమ్మలేదు. "తీపి తింటే కుక్క గిట్ల అయితదా?"

అవ్వ వాదించలేదు. గిన్నెలో నీళ్ళు పోసి, దూరం నుంచే కట్టెతో మోతి ముందుకు జరిపింది. పిచ్చికుక్క నీళ్ళు ముట్టదని అందరి నమ్మకం. మోతి నీళ్ళ వంక చూస్తూ ఊరికే నిలబడింది. మళ్ళీ ఈ రోజు దాకా నాకంత భయం వేయలేదు. చివరికి తల వంచి గుటగుటా తాగింది. కట్టెలు దిగాయి.

బాపు దాన్ని గోనెసంచిలో చుట్టి ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. సెలైన్లు ఎక్కించాక నాలుగో రోజుకు లేచింది. ఏం తిని అట్లా అయిందో అప్పుడు ఎవరూ తేల్చలేదు. కిస్మిస్ కుక్కల కిడ్నీలను చెడగొడుతుందని, చాక్లెట్ కూడా వాటికి విషమేనని, మొన్నీమధ్య మా ఇప్పటి కుక్క బంటికి సూది వేయించినప్పుడు డాక్టరు చెబితే తెలిసింది. ఇంటికి రాగానే మా పాపకు గట్టిగా చెప్పాను, ఏ తీపీ పెట్టొద్దని.

ఇప్పుడు అవ్వ లేదు, మోతి లేదు, బీడీల చాట లేదు. పండక్కి గోడ మీదుగా డబ్బా అందించే ఖాలా ఇల్లూ లేదు, అక్కడ షట్టర్ల దుకాణాలు లేచాయి.

పాప పాయసం తింటోంది. కిస్మిస్ అంటే దానికీ అసహ్యమే, ఎప్పుడూ ఏరి పళ్ళెం అంచున పెడుతుంది. ఈ రోజు అంచు ఖాళీగా ఉంది. కుర్చీ కింద బంటి మూతి నాక్కుంటోంది.

"కిస్మిస్‌లు ఏవి?"

 పాప నా ముఖం వంకే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"చెప్పు బిడ్డా, కొట్ట."

పది పెట్టానన్నట్టు పాప మెల్లగా రెండు చేతుల వేళ్ళూ చాపింది. నేను బండి తాళం కోసం పరుగెత్తాను.