నిజామాబాద్ పోరని అయ్య

ఒక ఊరి పేరు చెప్పవలసిన చోట నేను చెప్పలేదు. చేసిన పనల్లా అంతే. దాని వల్ల బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్లు వెనక్కి తిరిగాయి, మా కొట్టంలోకి రావలసిన ఎద్దు ఇంకొకరి కొట్టానికి పోయింది, అసలు పుట్టనే పుట్టని ఒక పిల్లవాడి తండ్రి మా ఇంట్లో ఏళ్ల తరబడి తిట్లు తిన్నాడు. మా ఊళ్లో ఈ కథ ఇప్పటికీ తప్పుగానే చెప్పుకుంటున్నారు కాబట్టి సరిచేద్దామని రాస్తున్నాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకే ఇంకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

అరవైల్లో మాట. నాకు పదిహేనేళ్లు. పొద్దున నిజామాబాద్ నుంచి వచ్చే మొదటి బస్సు పేపర్ల కట్టను బోధన్‌లో దించి పోయేది. ఏజెంటు పాషా భాయి ఇచ్చిన సైకిలెక్కి, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఇంటింటికీ పేపరు విసిరి, బడి గంట కొట్టే లోపల తిరిగొచ్చేవాణ్ణి. నెల తిరిగితే చేతిలో నా సొంత పైసలు! సొంత పైసలు చేతబడ్డ పదిహేనేళ్లవాడి నడక మీరు చూశారో లేదో, తాసిల్దారుకు కూడా ఆ నడక రాదు.

"అవ్వా, సంపాయించేటోడు కూసున్నడు. ముందుగాల నాకు పెట్టు" అనేవాణ్ణి.

"పెడ్త గానీ, గా సంపాయించేటోన్ని ముందుగాల బర్రెకు నీళ్లు పెట్టి రమ్మను" అనేది అవ్వ. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం, నాన్నను బాపు అని.

ఆ పైసలు కూడబెట్టి ఒక పసుపుపచ్చ నైలాన్ అంగీ కొనుక్కున్నాను. ఎంత పసుపంటే, నిజామాబాద్ మార్కెట్ యార్డులో రాశులు పోసిన పసుపు కొమ్ములు కూడా దాని పక్కన జబ్బు చేసినట్టు కనబడేవి. గాలి మాత్రం లోపలికి రాదు. లోపల కుడుములా ఉడుకుతూ పైకి దొరబాబులా వెలుగుతూ, ఆ అంగీ తొడుక్కుని మొదటిసారి పనికి పోయిన రోజే ఈ ఘోరం జరిగింది.

దానికి ముందురోజు సాయంత్రం మా బాపు గంగారాం చెరుకు బండి కట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు. ఆ ఏటికి అదే చివరి బండి. మా రెండెద్దుల్లో కర్రెగాడికి కాలు కుంటుపడింది. ఈ బండి కాంటా మీద తూగితే కొత్త ఎద్దుకు కావలసిన పైసలు నిండుతాయి. నవీపేట సంతలో ఎద్దును చూసి, వీపు నిమిరి, దళారికి మాట కూడా ఇచ్చి వచ్చాడు బాపు.

"రేపు కాంటా అయితే సంతకు పోదాంరా నర్సిగా, నువ్వు సుత రా" అని చెప్పి పోయాడు. కొత్త ఎద్దుకు ఏం పేరు పెట్టాలో నేను రాత్రే తేల్చేసుకున్నాను.

కాంటా అంత తొందరగా అయ్యేది కాదు. ఫ్యాక్టరీ గేటు నుంచి కాలువ దాకా బండ్లు బారు కట్టి రాత్రంతా వంతు కోసం నిలబడేవి. బారులోంచి జరిగితే వంతు పోయినట్టే. కోసిన చెరుకు ఎండిన కొద్దీ బరువు తగ్గుతుంది. బాపు బండి ఎప్పుడో లోపలికి పోయి ఉంటుందని నేను అనుకున్నాను. అది కాలువ దగ్గరే, బారు తోక చివర ఉంది.

ఆ పొద్దున కొన్ని పేపర్లు మిగిలాయి. "గేటు కాడ అమ్మి చూడు బేటా, కమీషన్ నీదే" అన్నాడు పాషా భాయి. గేటు దగ్గర నిలబడి, మొదటి పేజీలో లావుగా ఉన్న వార్త చూసి గొంతెత్తాను.

"ఢిల్లీలో మంత్రుల సమావేశం!"

ఒక ఎద్దు తల తిప్పి చూసింది. మనుషులెవరూ తిప్పలేదు. చివరికి ఒక రైతు జాలిపడి అడిగాడు.

"ఏందిరా, కాంటా జల్ది నడిపిస్తమన్నరా వాళ్లు?"

"అది కాదే, వేరే ముచ్చట."

"మరి మాకెందుకురా గా ముచ్చట?"

నాకు రోషమొచ్చింది. పేపరు తిరగేశాను. లోపల ఒక మూల, తలనొప్పి మాత్రల ప్రకటన కింద, నాలుగు ముక్కల వార్త ఉంది. ఎక్కడో ఉత్తరాదిన, నోరు తిరగని పేరున్న ఊళ్లో, యంత్రం చెడిపోయి చక్కెర ఫ్యాక్టరీ మూసేశారట. నా బుర్రలో వ్యాపారం వెలిగింది. ఊరి పేరు నేనెందుకు చెప్పాలి? కావాలంటే కొని చదువుకుంటారు!

"చక్కెర ఫ్యాక్టరీ బంద్! మిషన్ ఖరాబ్! ఫ్యాక్టరీ బంద్!"

చేతిలో పేపర్లు ఎలా పోయాయో నాకు తెలియదు. చదువు రానివాళ్లు కూడా కొన్నారు. ఒకాయన తలకిందులుగా పట్టుకుని "నిజమేనే, పడ్డది" అన్నాడు. నేను కాలరెగరేసుకుని సైకిలెక్కాను. కానీ నా కేక నాకంటే ముందు బారు వెంట ఉరికింది, ఉరికిన కొద్దీ బలిసింది. సగం దూరం పోయేసరికి "బాయిలర్ పలిగిందట!" అంటున్నారు. కాలువ దాకా పోయేసరికి "కాంటా ఎగిరిపోయి మంజీర నదిల పడ్డదట!"

ఆ తర్వాత చూసింది నేను చచ్చేదాకా మరచిపోను. తోకలో బండ్లు ఒక్కొక్కటే తిరగడం మొదలుపెట్టాయి. చక్రానికి చక్రం తగులుకుంది, ఎద్దులు బుసకొట్టాయి, దుమ్ములో మనిషికి మనిషి కనబడలేదు. సైకిలు పారేసి అడ్డం ఉరికాను.

"ఆగుండ్రి! మన ఫ్యాక్టరీ కాదు! వేరే ఊరిది!"

ఒక ముసలాయన ములుగర్ర ఎత్తాడు. "నీకేమెరుక పోరగా? పేపర్ల పడ్డదట!"

"గా పేపరు అమ్మింది నేనే తాతా!"

"అమ్మినవు గద, ఇగ పో!"

గేటు దగ్గరి బండ్లకు గుమాస్తా ఆ వార్త సరిగ్గా చదివి చెప్పాడు. వాళ్లు నవ్వుకుంటూ లోపలికి పోయారు. తోకలోవాళ్లు చెరుకు ఎండకముందే ఎంతకో అంతకు బెల్లం గానుగలకు పోశారు.

చెమటకు తట్టుకోలేక అంగీ విప్పి సంచిలో కుక్కుకోవడమే ఆ రోజు నేను చేసిన తెలివైన పని. ఇంటికొచ్చేసరికి వాకిట్లో బండి ఖాళీగా ఉంది.

"కాంటా అయిందా బాపు?" అన్నాను హుషారుగా.

బాపు తలెత్తలేదు. "ఏడి కాంటారా? ఎవడో పచ్చంగి పోరడు ఫ్యాక్టరీ బంద్ అని ఒర్రిండట. తిరుక్కొని గానుగకు పోసొచ్చిన. సగం పైసల్ సుత రాలే."

నేను సంచిని వీపు వెనక్కి జరిపాను.

"పోరన్ని ఏమంటం, పోరడు పోరడే" అన్నాడు బాపు. మా బాపు న్యాయం తప్పని మనిషి. "తప్పంత వాని అయ్యది. వాడు మనిషేనా? కొడుకుకు కూడు వెట్టిండు గానీ బుద్ధి వెట్టలే. గాడిద!"

ఎదురుగా నిలబడి వింటున్నాను.

"నువ్వు పేపర్లేసెటోనివి గదా, ఎవడురా వాడు?"

నా నాలుక దానంతట అదే కదిలింది. "నిజామాబాద్ పోరడు బాపు. బస్సుల వచ్చిండు, బస్సుల వోయిండు."

ఆ సంతకు మేం పోలేదు. ఎద్దును ఎవరో తోలుకుపోయారని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం బాపు కర్రెగాడి కుంటికాలు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తూ, "ఇంకొక్క యేడు గుంజుకరా బిడ్డా" అని దానితో అంటుంటే, ధాన్యం గుమ్మి వెనక అంగీ దాస్తున్న నాకు వినబడింది. కొన్నాళ్లకు చూస్తే అక్కడ అంగీ లేదు. ఎలుకలు ఎత్తుకుపోయాయనుకుని, వాటికి మనసులోనే దండం పెట్టాను.

నిజామాబాద్ పోరడు మాత్రం పోలేదు. చెరుకు కోతలు మొదలైతే చాలు, బాపు మాటల్లో మా ఇంటికి వచ్చేవాడు. వాడికి మెల్లకన్ను ఉందని ఒక ఏడు, ముందుపన్ను విరిగిందని మరో ఏడు బాపు చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ వాడి అయ్యకు కొత్త తిట్టొకటి తయారయ్యేది. పసుపు అమ్మడానికి నిజామాబాద్ పోయినప్పుడు బస్టాండులో పేపర్లమ్మే పిల్లవాణ్ణి పట్టుకుని "మీ అయ్య ఎవడురా?" అని అడిగాడు కూడా. పక్కన నేనున్నాను. ఆ పిల్లవాడు బిక్కమొహం వేసి, "నేను బోధన్ మొకమే సూడలే పెద్దయ్యా!" అన్నాడు. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఎద్దు విషయం కంటే ఇదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇరవై ఏళ్లకు, మొన్న చెరుకు కోతలప్పుడు, బాపు ఆ కథే నా చిన్న కూతురికి చెబుతున్నాడు. కాంటా ఎగిరి మంజీరలో పడే దాకా అది బుద్ధిగా విని అడిగింది.

"తాతా, వాని అయ్య పేరేంది?"

"తెల్వది బిడ్డా. తెలిస్తే ఇంటికి వోయి అడగకపోదునా, కొడుకును గిట్లనేనా పెంచేదని!"

"గంగారాం, బాపు" అన్నాను నేను.

"ఏ గంగారాం?"

"చెరుకు గంగారాం."

"బోధన్ దిక్కు నేను గాక ఇంకో చెరుకు గంగారాం ఎవడున్నడురా?"

"ఇంకోడు లేడు బాపు."

బాపు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చేతిలో బీడీ దానంతట అదే కాలి వేలు చురుక్కుమనిపించేదాకా కదలలేదు.

"అంటే… గిన్నేండ్ల సంది నేను తిట్టింది…"

"నిన్నే బాపు."

గడప దగ్గర చేట పట్టుకున్న అవ్వ తలెత్తకుండానే అంది. "గా పచ్చంగి ఏడ వోయిందని నేను ఎన్నడన్న అడిగిన్నా? దాన్ని మడిచి కర్రెగాని మెడకు కాడి ఒరుసుకోకుండ మెత్త కుట్టిన."

ఈసారి నోరు తెరుచుకుపోవడం నా వంతయింది. ఆ పసుపు మెత్తను రోజూ చూస్తూనే పెరిగాను!

లేచి బాపు కాళ్లు పట్టుకున్నాను. "తప్పైంది బాపు. పొద్దుగాల ఊరి పేరు చెప్పలే, మాపటికి నా పేరు చెప్పలే. ఇగ నా బిడ్డ మీద ఒట్టు, ఏ వార్త చెప్పినా ముందుగాల ఊరి పేరు, ఎన్కల నా పేరు, గప్పుడే వార్త. మాఫ్ చెయ్యి."

బాపు కండువా సర్దుకుని గోడకున్న అద్దం ముందుకు పోయి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"నువ్వాగురా. ముందుగాల నేను గీ గంగారాంను మాఫ్ అడగాలె. పాపం, గిన్నేండ్లు ఒక్క మాట ఎదురు చెప్పలే."