ఉమ్మడి బ్యాటరీలు

మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలీలను హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరికి తెచ్చిన మేస్త్రీ. మా తాత కంట్రాక్టరు. మా పేట భాలుబాసాలో తెలుగువాళ్ల మధ్య తగువొస్తే తీర్పు మా అరుగు మీదే జరిగేది. మా నాన్నకు బస్సులుండేవి. ఆయన ఎదురైతే జనం సైకిలు దిగి నడిచేవారు. నాకు, మా తమ్ముడికి కలిపి ఒక పాత మినీబస్సు మిగిలింది.

అందులో సీట్లు తీసి పడకలు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్ పెట్టించాను. విహారానికి వెళ్లేవాళ్లకు అద్దెకిస్తే బండి చేజారదని నా ఆశ. తమ్ముడు అమ్మేద్దామన్నాడు. చివరికి ఒక మాట అనుకున్నాం. మొదటి ప్రయాణం సజావుగా సాగితే ఉంచుదాం, లేకపోతే అమ్మేద్దాం.

ఇలాంటి బండికి రెండు బ్యాటరీలు కావాలి. ఒకటి ఇంజిను స్టార్టు కావడానికి, రెండోది లోపలి లైట్లకు, ఫ్యాన్లకు, ఫ్రిజ్‌కు. ఇంజిను నడుస్తున్నంతసేపు రెండూ కలిసి చార్జవుతాయి. అది ఆగగానే మధ్యలో ఉండే రిలే అనే స్విచ్చు వాటిని విడదీయాలి. నేను రిలే పెట్టించలేదు. మందపాటి తీగతో రెండింటినీ నేరుగా కలిపించాను.

"ఏటన్నియ్యా, రిలే ఏదీ?" అన్నాడు తమ్ముడు తొంగిచూసి.

"అక్కర్లేదు. ఒకటి నీరసిస్తే రెండోది ఆదుకుంటుంది."

"ఇంజినాగితే అలగ్ అయిపోవాల. నేకపోతే ఆ ఫ్రిజ్ రెండింటినీ తాగేత్తాది."

"మనింట్లో వేరుపడడమనేది లేదు."

"బ్యాటరీలది కూడా మన వంశవేనేటి? అయితే ఆటికీ ఇంటిపేరెట్టు."

అప్పటికే అతని వంట వేరే గదిలో అవుతోంది. కానీ ఇద్దరం ఒకే గేటులోంచి వస్తాం కాబట్టి బయటివాళ్లకు మాది ఉమ్మడి కుటుంబమే. ఆ పేరు పోకుండా చూసుకోవడమే నాకు మిగిలిన పని.

మొదట అద్దెకు తీసుకున్నది మా ఊళ్లోనే కద్మా పేటలోని ఒక తెలుగు కుటుంబం. కొండ మీది నేతర్‌హాట్ చూడ్డానికి వెళ్లాలన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నేనే నడిపాను. ఆ ఇంటి పెద్దాయన దారిపొడవునా మా నాన్న బస్సుల గురించే చెప్పాడు.

కొండ మీద మర్నాడు ఉదయం తాళం తిప్పాను. టక్కుమంది, అంతే. రాత్రంతా నడిచిన ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిసి రెండు బ్యాటరీలనూ ఖాళీ చేశాయి.

"అంకుల్, ధక్కా మార్నా హోగా క్యా?" అని, బండి తోయాలా అన్నట్టు, ఆయన మనవరాలు నవ్వింది.

"ఊరుకోయే," అని పెద్దాయన చెప్పులు విడిచి బండి వెనక్కి నడిచాడు. అందరూ తోశారు. నేను స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చున్నాను, అద్దంలోకి చూడలేదు. పల్లంలో ఇంజిను అందుకుంది.

కద్మాలో దిగేటప్పుడు ఆయన, "మీ నాన్నగారి బళ్లు ఎప్పుడూ తొయ్యనేదండి," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు.

తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. "ఏటి, బాగా నడిసిందా?"

"తోయించాను."

అతను నవ్వలేదు. నా మొహం చూసి గేటు గడియ తీశాడు. "పోన్లే అన్నియ్యా. రేపు రిలే నేనే ఎట్టించేత్తాను. ఇంకోపాలి సూద్దాం."

మెత్తబడ్డాడని తెలుస్తూనే ఉంది. ఊఁ అంటే బండి మాకే మిగిలేది. కానీ మా అరుగు మీద ఇచ్చిన తీర్పును మా తాత ఎన్నడూ తిరగరాయలేదు.

"మాటంటే మాటే," అన్నాను.

ఆ నెలలోనే బండి అమ్మేశాం. రెండు బ్యాటరీలూ, మధ్యన తీగతో సహా, దానితోనే పోయాయి.