మూర్తి సెట్‌లో వాడి గొంతు

మమ్మల్ని లారీలోంచి దించిన చోట చెట్టు లేదు, గడ్డి లేదు. బూడిద రంగు బండలు, వాటి మీద మంచు. పదిహేను వేల అడుగుల ఎత్తు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. వీపు మీద రేడియో సెట్, దానికి రెండు బ్యాటరీలు, రైఫిలు, తాడు, గ్రనేడ్లు. సీసాలో నీళ్లు గడ్డకట్టేవి. ఎదురుగా కొండకొన మీద బంకరు కట్టుకుని, మిషన్‌గన్ పెట్టుకుని శత్రువు కూర్చున్నాడు. కింద రోడ్డు మీద మన లారీ కదిలితే కాల్చేవాడు. ఆ కొనను తిరిగి పట్టుకోవాలని మా కంపెనీకి ఆర్డరు.

కంపెనీలో తెలుగువాళ్లం ఇద్దరమే, ఇద్దరం రేడియో ఆపరేటర్లం. నాది కొత్తపేట. మా నాన్న పోచంపల్లి నుంచి వచ్చి అక్కడ చీరల దుకాణం పెట్టాడు. మూర్తి వాళ్లు తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఒకే సిటీ బస్సు ఎక్కి పెరిగినా మాకు పరిచయమైంది పటాలంలోనే. సెట్ మీద హిందీలో ఏం మాట్లాడినా పైనున్న వాళ్లకు అర్థమయ్యేది. అందుకని కంపెనీ కమాండర్ మా ఇద్దరినీ పిలిచి, ఇకనుంచి మీ భాషలోనే మాట్లాడుకోండి అన్నాడు.

మూర్తి అంతటితో ఆగలేదు. కొండకు మా బస్సు రూటు తగిలించాడు. కింద మా టెంట్లు దిల్‌సుఖ్‌నగర్. మొదటి మలుపు చైతన్యపురి. సగం పైన ఉన్న బండల గుంపు కొత్తపేట. కొన మీద బంకరు ఎల్బీనగర్. పైనుంచి కాల్పులు మొదలైతే టికెట్లు కొడుతున్నాడని చెప్పాలి.

"మా కొత్తపేట పేరు గీ బండలకు పెట్టినవేందిరా?" అన్నాను.

"మీ పళ్ల మార్కెట్‌లో ఈగలు ముసిరినట్టే ఇక్కడ తూటాలు ముసురుతాయిరా. అందుకే పెట్టా," అన్నాడు.

మొదటి దాడికి మూర్తి ముందు సెక్షన్‌తో వెళ్లాడు. నేను కింద కమాండర్ పక్కన సెట్ పట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుతుండగా పిలిచాడు.

"కొత్తపేట దాటాం. ఎల్బీనగర్ కనిపిస్తోంది."

"పైలం రా. ఆడ ఆగకు."

"టికెట్లు కొడుతున్నాడు. కొడుతున్నాడు..."

తర్వాత గరగర తప్ప ఏమీ వినపడలేదు. సెక్షన్‌లో మిగిలినవాళ్లు గాయాలతో దిగి వచ్చారు. మూర్తి రాలేదు. పొగమంచు విడిచాక బైనాక్యులర్స్‌లో చూశాను. కొన దగ్గర బండ మీద బోర్లా పడి ఉన్నాడు. వీపు మీద సెట్ లేదు. ఆ పొగమంచులోనే ఎవడో బయటికి వచ్చి ఊడదీసుకుపోయాడు.

మధ్యాహ్నం ఆ సెట్ మాట్లాడింది. హిందీలో, తీరుబడిగా.

"మీవాడు ఇక్కడ పడుకున్నాడు. లేపమంటావా?"

ఆ వెంటనే మిషన్‌గన్ మోగింది. మూర్తి శవం కదిలింది.

శవాన్ని తేవడానికి పాకిన ఇద్దరికి తూటాలు తగిలాయి. మూర్తిని ఎరగా పెట్టాడని అర్థమై, ఇక ఎవరూ కదలొద్దని కమాండర్ ఆపేశాడు. మర్నాడు ఆ గొంతు మళ్లీ వచ్చింది. మూర్తి జేబులో ఫొటో దొరికిందట. "అమ్మదా? మంచి అమ్మ," అని నవ్వాడు. పళ్లు బిగించి విన్నాను. ఆ గొంతును నా చేత్తో ఆపాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

కమాండర్ ఫ్రీక్వెన్సీ మార్చి, పాతది వదిలేయమన్నాడు.

"వద్దు సార్," అన్నాను. "దాని మీద వాడు వింటున్నాడు. విననిద్దాం."

గఢ్వాల్ నుంచి వచ్చిన మా సుబేదారు నా మొహం చూశాడు. "వీడికి పగ తీరాలి సాబ్."

"నాకూ తీరాలి," అన్నాడు కమాండర్.

సుబేదారు కిందే ఉండి పాత ఫ్రీక్వెన్సీ మీద హిందీలో నాటకం మొదలుపెట్టాడు. ఎడమ వాగులోంచి ఎక్కుతున్నాం, సగం దూరం వచ్చాం అని. తెలుగువాడు పోయాడు కాబట్టి మళ్లీ హిందీలోకి దిగారని పైవాడు నమ్మాడు. మేము నిజంగా ఎక్కింది కుడివైపు నిలువు బండ, తాళ్ల మీద, మంచు కురుస్తుండగా. మన ఫిరంగులు ఎడమ వాగులో నాలుగు గుండ్లు వేశాయి. వాడి గన్ అటు తిరిగి మోగింది. తాడుకు వేలాడుతూ ఆ మోత విన్నాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా కలగలేదు.

సాయంత్రానికి కొన మాది. మూర్తిని నేనూ సుబేదారూ కిందికి మోశాం.

యుద్ధం ముగిశాక సెలవు దొరికింది. బట్టల సంచి ఇంట్లో పడేసి నేరుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మెయిన్ రోడ్డు వెనక సందులో మూర్తి ఇల్లు. చుట్టాలంతా దేశం, త్యాగం అంటూ మాట్లాడుతున్నారు. మాటలు కోటలు దాటుతున్నాయి. మూర్తి తల్లి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. సెట్ సంగతి ఆమెకు అప్పటికే ఎవరో చెప్పారు.

"నా ఫొటో చూసి నవ్వాడట కదా బాబూ. వాడు చచ్చాడా?"

"సచ్చిండమ్మా. నేనే సంపిన."

"ఎలాగో చెప్పు. నా దగ్గర అందరూ దాస్తున్నారు."

చెప్పాను. బంకరు వెనకవైపుకు పాకేటప్పుడు నా చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, పాత ఫ్రీక్వెన్సీ మీద. "ఏరీ మీవాళ్లు? ఇంకా రారేం?" అని సుబేదారును అడుగుతున్నాడు. ఆ మాట ఒక చెవిలో సెట్‌లోంచి, రెండో చెవిలో నేరుగా బంకరులోంచి వినపడింది. వాడి వీపు కనిపించేంత దగ్గర్లో ఉన్నాను. గ్రనేడ్ విసిరాను. అది పేలాక రెండో చెవిలో ఏ చప్పుడూ లేదు. ఇయర్‌ఫోన్‌లో మాత్రం ఊపిరి వస్తూనే ఉంది. సెట్‌లో మాట్లాడేటప్పుడు నొక్కే బటన్ వాడి చెయ్యి కింద నొక్కుకుపోయింది. ఇయర్‌ఫోన్ తీసేయొచ్చు, తీయలేదు. గురగురమంటూ అది ఆగేదాకా విన్నాను.

"ఎంతసేపు?" అంది.

"శానాసేపమ్మా."

"మంచిది," అంది. కళ్లు తుడుచుకోలేదు. లేచి నాకు అన్నం వడ్డించింది. తిన్నాను.

ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఉంటున్నాను. జెండా పండగకు కాలనీవాళ్లు మైకు ఇచ్చి, శత్రువునైనా క్షమించాలని పిల్లలకు చెప్పమంటారు. మైకు వెనక్కి ఇచ్చేస్తాను. ఆ ఊపిరి నా చెవిలోంచి పోలేదు. మూర్తి గొంతు ఒక్కసారి గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటాను. బస్సు రూటు గుర్తొస్తుంది, మాటలు గుర్తొస్తాయి, గొంతు రాదు. ఆ బంకరువాడి ఊపిరే వస్తుంది. ఇందుకు కూడా వాణ్ణి క్షమించను.