కూనూరు పిల్లకు పోసిన ఒడిబియ్యం

మొన్న మా వెనక గది కిరాయికి చూసుకుందామని ఒకమ్మాయి వచ్చింది. విమానాశ్రయంలో ఉద్యోగమట. ఒక్కదానివేనా బిడ్డా అని అడిగితే, ఒక్కదాన్నే, అందులో ఏముంది అన్నట్టు నా మొహం చూసింది. నిజమే, ఇప్పుడందులో ఏమీ లేదు. గది తాళం తీసి చూపిస్తుంటే నాకు మాత్రం, నా జన్మలో నేను ఒక్కదాన్నే చేసిన ఒకే ఒక్క ప్రయాణం గుర్తొచ్చింది. ఆ ప్రయాణానికి కారణమైన పిల్ల కూడా ఒకప్పుడు ఈ గదిలోనే ఉండేది.

మాది కొత్వాల్‌గూడ. విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. విమానం మోత వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసేవాళ్ళం. మా బర్రె మాత్రం నెల తిరగకముందే తలెత్తడం మానేసింది. ఆ రోజుల్లోనే ఎక్కడెక్కడి వాళ్ళో పనులకొచ్చి మా ఊళ్ళల్లో గదులు తీసుకున్నారు. అలా వచ్చిందే కూనూరు పిల్ల. ఆమె భర్త విమానాశ్రయం రోడ్డు పొడుగునా మొక్కలు పెంచే పనిలో చేరాడు. వాళ్ళది నీలగిరి కొండల మీద చాయ్ తోటల మధ్య ఊరు. తల్లీ తండ్రీ లేని పిల్ల, పెద్దమ్మ పెంచి పెళ్ళి చేసింది, ఆ పెద్దమ్మా పోయింది. ఇక్కడ కాన్పయితే బాలింత పథ్యం నేనే వండాను, పసిగుడ్డును కాళ్ళ మీద వేసుకుని నేనే నీళ్ళు పోశాను. నాకు ఆడపిల్లలు లేరు, ఒక్కడే కొడుకు. ఆ పిల్ల అమ్మా అని పిలవడం మొదలుపెట్టాక ఆ లోటు సంగతి నేను ఎత్తిందే లేదు.

ఒకనాడు పక్కింట్లో ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తున్నారు. పెళ్ళయిన కూతురికి పుట్టింటివాళ్ళు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి, నీ ఇల్లు చల్లగా ఉండాలని దీవించి పంపడం మా వైపు ఆచారం. కూనూరు పిల్ల బిడ్డను చంకనెత్తుకుని గడప అవతలి నుంచే అంతా చూసింది. ఇంటికొచ్చాక, నాకెవరు పోస్తరమ్మా అంది. అడిగినట్టు కాదు, ఊరికే అన్నట్టే అంది. నేను పోస్తానన్నాను. మా ఇంటాయన అరుగు మీద నుంచి విని, మనం కాక ఇంకెవరు పోస్తరు అన్నాడు.

ఆ ముహూర్తం చూడకముందే ఆ పిల్ల అత్త మంచం పట్టిందని కబురొచ్చి, వాళ్ళు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఏడు మా ఇంటాయన పోయాడు. ఫోన్లో ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

మీకు చెప్పనక్కర్లేదు, ఒడిబియ్యం పోసేది ముత్తైదువలు. భర్త పోయిన దాన్ని నేను ఆ పసుపు బియ్యంలో చెయ్యి పెట్టకూడదు. ఏడాది మైల తీరాక మాఘమాసం వస్తుండగా, నేను కూనూరు పోయి ఆ పిల్లకు పోసొస్తానని ఇంట్లో మెల్లగా అన్నాను. ముందు మా మరిది నవ్వాడు.

"చాయపత్తి కావాల్నంటే కిరాణం దుకాణంల దొరుకుతది గద వదినా, గంత దూరం పోవుడెందుకు?"

మా తోడికోడలు నవ్వలేదు. నా తర్వాత ఆ ఇంట అడుగుపెట్టిన మనిషి, నా చేతి కిందే పనులు నేర్చింది, నామీద ప్రాణం పెట్టేది. తనూ వస్తానంది, బియ్యం తను పోస్తుందట, నేను పక్కన కూచుని చూడవచ్చట. మాటిచ్చింది నేను, నేనే పోస్తానన్నాను.

"ఏందక్కా గిది, యాడన్న ఉన్నదా? రేపు ఆ పిల్ల పసుపు కుంకుమకు ఏమన్నయితే నువ్వు తట్టుకుంటవా? నువ్వు పోస్తనంటే నేనైతే రాను."

ఆమె రానన్నాక ఇంకెవరూ రాలేదు. అలా నేను ఒక్కదాన్నయ్యాను, అంతే తప్ప ధైర్యం ఉండి కాదు. మా నెత్తి మీద నుంచి రోజూ ఎన్నో విమానాలు పోతుండగా, నేను బియ్యం మూట ఒళ్ళో పెట్టుకుని రైల్లో కోయంబత్తూరు పోయాను. చదువు అంతంతమాత్రం, భాష రాదు. ఊరి పేరు ఒక్కటే మళ్ళీ మళ్ళీ అడుగుతూ బస్సు మారి కొండెక్కాను. మెలికలు తిరిగే ఆ దారిలో బస్సు పక్కకు ఒరిగినప్పుడల్లా నా పక్కన కూచున్న ముసలామె తన మోకాలు కాక నా మోకాలు పట్టుకునేది, నేను ఆమె భుజం పట్టుకునేదాన్ని. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే చుట్టాలమైపోయాం. పైకి పోయినకొద్దీ గాలి చల్లబడి, చెవుల్లో గుయ్‌మంది. కిటికీలోంచి చూస్తే, కొండ మీద పచ్చటి గొర్రెల మంద ఆనుకుని ఆనుకుని ఎక్కుతూ ఎక్కుతూ ఎక్కడిదక్కడ ఆగిపోయినట్టుంది. అవే చాయ్ తోటలు.

కూనూరు పిల్ల తోట పనివాళ్ళ వరస ఇళ్ళల్లో ఉండేది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది కానీ, పక్కన ముత్తైదువ ఎవరూ లేకపోవడం చూసి ఆగిపోయింది. రెండేళ్ళు మా ఇంట్లో మెలిగిన పిల్ల, విషయం ఆమెకు చెప్పే అవసరం రాలేదు.

మర్నాడు పొద్దున తలంటు పోసుకుని, పీట వేసి పిల్లను కూచోబెట్టాను. బియ్యంలో పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడకలు, రవిక గుడ్డ అన్నీ సర్దాను. అంత దూరం, అందరినీ కాదని వచ్చానా, తీరా దోసిలి నింపాక నా చేతులు లేవలేదు. వద్దనే వాళ్ళు ఒక్కరూ లేని చోట మా తోడికోడలి మాటే నా చేతులు పట్టుకుంది. నిజంగానే ఈ పిల్లకు ఏమన్నా అయితే? బియ్యం మళ్ళీ చేటలో వదిలి, మంచం మీంచి లేచి గోడకానుకుని కూచున్న ఆమె అత్తను చూపించి, మీ మామ బతికే ఉన్నాడు కదా, మీ అత్తతో పోయించుకో బిడ్డా, నేను చూస్తాను, నాకది చాలు అన్నాను.

ఆ పిల్ల కొంగు పట్టిన చేతులు దించలేదు. మా ఇంట్లో నేర్చుకున్న మాటల్లోనే అంది:

"మా అత్త పోస్తే అవి అత్తింటి బియ్యమే అయితయి గదమ్మా. పుట్టింటియి ఎట్లయితయి? నాకు పుట్టిల్లు ఉన్నదా లేదా, నువ్వే చెప్పు."

మళ్ళీ దోసిలి నింపాను. పోశాను. ఒక్కొక్క దోసిలీ పోస్తుంటే కళ్ళల్లో నీళ్ళకు బియ్యమేదో పసుపేదో కనబడలేదు. పుట్టిల్లూ నిండుగా ఉండాలని ఆడబిడ్డ తన ఒడిలోంచి పిడికెడు తిరిగి ఇవ్వాలి. అది చెప్పడం నేను మరిచిపోయినా, ఆ పిల్ల మరిచిపోకుండా నా కొంగులో వేసింది.

ఆ బియ్యంతోనే బెల్లమన్నం వండాను. అంత ఎత్తున నీళ్ళు మరిగినా బియ్యం తొందరగా ఉడకదని నాకేం తెలుసు, మా ఊళ్ళో లెక్కనే దించేశాను. ఆకు తెంపి తిరిగొచ్చిన ఆడవాళ్ళు, పొదలు గీరుకోకుండా నడుముకు ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని ఉన్నవాళ్ళు ఉన్నట్టే కూచుని, ఆ పలుకు పలుకు అన్నాన్ని కరకరా నములుతూ ఏదో అని నవ్వారు. ఏమంటున్నారే అంటే, మీ ఊరోళ్ళ పండ్లు గట్టియట అమ్మా అంది మా పిల్ల.

తర్వాత కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. పొద్దున్నే మా పిల్ల పనికి పోతే నేను దుప్పటి కప్పుకుని చాయ్ తోటల మధ్య బాట వెంట ఒక్కదాన్నే నడిచేదాన్ని. మంచు లేచిపోతుంటే పొదలు ఒక్కొక్క వరసా బయటపడేవి, ఫ్యాక్టరీ వైపు నుంచి ఆరబెట్టిన ఆకు వాసన వచ్చేది. ఎవరి భార్యవు, ఎవరి తల్లివి, ఎక్కడికి పోతున్నావని అడిగే వాళ్ళు లేరు. పని మీద కాకుండా ఊరికే నడవడం నాకు తెలిసింది అక్కడే.

ఇంటికొచ్చాక మా తోడికోడలు చాలా రోజులు ఆ సంగతి ఎత్తలేదు. కానీ కూనూరు నుంచి ఫోనొస్తే మాత్రం నాకంటే ముందు తనే ఎత్తేది. మంచిగున్నవా, నీ మొగడు మంచిగున్నడా, పిల్లగాడు మంచిగున్నడా అని ముగ్గురి క్షేమమూ విన్నాకే నాకిచ్చేది. అలా ఎన్నేళ్ళు గడిచాయో. ఆ పిల్లకు రెండో కాన్పు సుఖంగా అయిందని తెలిసిన రోజు, మా తోడికోడలే ఇంటిల్లిపాదికీ పాయసం వండింది.

నిరుడు నా మనుమరాలికి ఒడిబియ్యం పోశారు. ఇప్పుడంతా ఫంక్షన్‌హాళ్ళల్లో కదా. నేను వెనక కుర్చీలో కూచుంటే నా కోడలే వచ్చి, రాండ్రి అత్తమ్మా, ముందు మీరే పొయ్యాలె అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఎవరూ మొహం తిప్పుకోలేదు. పోశాను, సంతోషంగానే పోశాను. కాలం ఇంత మెత్తబడినందుకు దండం పెట్టుకోవాలి. అయినా దోసిలి ఎత్తినప్పుడు నా కళ్ళు ఆ మందిలో మా తోడికోడలిని వెతికాయి. ఆమె పోయి రెండేళ్ళయింది. నాకు వద్దని చెప్పేంత దగ్గరి మనిషి ఇప్పుడు ఎవరూ లేరు.